పాత సిలిండర్ హెడ్: నంబరు చెప్పేది సగమే

అమెరికాలో వేసవి వచ్చిందంటే వారాంతాల్లో పాత కార్ల విడిభాగాల సంతలు మొదలవుతాయి. టార్పాలిన్ల మీద పరిచిన ఆ సామానులో తరచూ కనిపించే వస్తువు ఒకటుంది. మూరెడు పొడవు, సుమారు 20 కిలోల బరువు, నూనె మడ్డి పట్టి నల్లబడిన పోత ఇనుప దిమ్మ. దాని మీద సుద్దముక్కతో 461 అనో, 882 అనో, 906 అనో మూడంకెలు రాసి ఉంటాయి. తెలియనివాళ్లకు అది తుక్కు. తెలిసినవాళ్లు మాత్రం ఆ అంకెలు చూడగానే ఆగిపోతారు. అది షెవర్లే స్మాల్‌బ్లాక్ వీ8 ఇంజిన్ సిలిండర్ హెడ్.

బేరం ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. హెడ్ పనికొస్తుందా లేదా అన్నది తేలడానికి ఇంకో వారం పట్టవచ్చు, అదీ డబ్బు చేతులు మారాక. ఒక్క పగులు ఉన్నా కొన్నది తుక్కు కిందే లెక్క. పగులు లేకపోయినా ఇంజిన్‌కు నప్పని హెడ్ బిగిస్తే పిస్టన్లకే ముప్పు. దీన్ని ముందే పసిగట్టడానికి మెకానిక్కులు వాడే పరీక్షలన్నీ మనం బడిలో చదువుకున్న భౌతిక శాస్త్రమే: అయస్కాంతం చుట్టూ ఇనుప రజను, బ్యూరెట్, బెర్నూలీ సూత్రం.

స్మాల్‌బ్లాక్‌నే ఎందుకు తీసుకున్నామంటే, ఇంతగా చేతులు మారిన ఇంజిన్ మరొకటి దొరకడం కష్టం. 1955లో 265 ఘనపుటంగుళాల ఇంజిన్‌గా ఇది మొదలైంది. ఈ కుటుంబంలో 10 కోట్లవ ఇంజిన్ తయారైందని జనరల్ మోటార్స్ 2011లో ప్రకటించింది. వీటిలో బాగా పేరు తెచ్చుకున్నది 350, అంటే 5.7 లీటర్లది. తొలి తరం ఇంజిన్లలో ఒక ఏడాది బ్లాకు మీద మరో దశాబ్దపు హెడ్ చాలావరకు కూర్చుంటుంది. రోజూ రోడ్డు మీద నడిపే కారుకే కాస్త ఎక్కువ బలం రాబట్టాలనుకునే అభిరుచి వర్గం అక్కడ పెద్దది. వాళ్లకు అన్నిటికన్నా చౌకగా కనిపించే దారి పాత హెడ్.

అంకెల జాతకం

హెడ్ పోతపోసేటప్పుడే దాని మీద ఒక నంబరు ఉబ్బెత్తుగా వస్తుంది. వాల్వ్ కవర్ విప్పితే కనిపిస్తుంది. చివరి మూడంకెలే వాడుక పేరు. 461 అంటే 1960ల నాటి హెడ్. దాని చివరన రెండు మూపురాల ఆకారం ఉంటుంది కాబట్టి ఒంటె మూపురం హెడ్ అని ముద్దుపేరు. దహనం జరిగే గుంత, అంటే చాంబర్, అందులో సుమారు 64 సీసీ. 882 అంటే 1970ల హెడ్. చాంబర్ 76 సీసీ, పగుళ్లకు పెట్టింది పేరు. 906, 062 అంటే 1996లో పికప్ ట్రక్కుల కోసం వచ్చిన వోర్టెక్ హెడ్‌లు.

పక్కనే తేదీ కూడా ఉంటుంది. నెలకో అక్షరం, తర్వాత రోజు, ఆ తర్వాత ఏడాదిలో చివరి అంకె మాత్రమే. ‘ఎఫ్ 12 8’ అని ఉంటే జూన్ 12. ఏడాది 1968 కావచ్చు, 1978 కావచ్చు, 1988 కూడా కావచ్చు. దశాబ్దం తేల్చుకోవడం కొనేవాడి పని.

నంబరు చెప్పేది అది పుట్టిన రోజు సంగతి. ఆ తర్వాత 30, 40 ఏళ్లలో అది ఎన్నిసార్లు వేడెక్కిందో, ఎవరు ఎంత గీయించారో, ఏ వాల్వులు మార్చారో నంబరులో ఉండదు. సంతలో జరిగే మోసాల్లో ఎక్కువ భాగానికి అబద్ధం కూడా అక్కర్లేదు. అమ్మేవాడు నిజమైన నంబరే చెబుతాడు, కొనేవాడు మిగతాదంతా ఊహించుకుంటాడు.

ముందు పగులు సంగతి

హెడ్‌లో అన్నిటికన్నా వేడెక్కే చోటు ఎగ్జాస్ట్ వాల్వ్ కూర్చునే సీటు చుట్టుపక్కల. స్మాల్‌బ్లాక్‌లో ఒక చిక్కు ఉంది. హెడ్ మధ్యలో రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ వాల్వులు పక్కపక్కనే వస్తాయి. అక్కడి లోహం రెండు వైపుల నుంచీ కాలుతుంది. వేడెక్కిన లోహం వ్యాకోచించాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లని లోహం కదలనివ్వదు. దాంతో అది లోపలికి నొక్కుకుపోతుంది. మరీ వేడెక్కితే శాశ్వతంగా కుంచించుకుపోతుంది. ఇంజిన్ ఆపాక చల్లారుతుంటే ఆ కుంచించుకున్న భాగం చాలక, చుట్టూ ఉన్నది దాన్ని బయటికి లాగుతుంది.

పోత ఇనుము నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనమైంది. ఉజ్జాయింపు లెక్క వేద్దాం. పూర్తిగా బిగించి పెట్టిన పోత ఇనుములో 100 డిగ్రీల తేడా వస్తే పుట్టే ఒత్తిడి సుమారు 110 మెగాపాస్కల్. మామూలు గ్రే ఐరన్ తట్టుకోగల లాగుడు సుమారు 200. అంటే రేడియేటర్‌లో నీళ్లు అయిపోయిన కారును మరో ఐదు కిలోమీటర్లు లాక్కెళ్లిన పాత యజమాని ఒక్కడు చాలు.

ఈ పగులు చాలాసార్లు కంటికి కనబడదు. హెడ్ శుభ్రంగా కడిగాక దాని మీద గుర్రపునాడా ఆకారపు విద్యుదయస్కాంతం పెడతారు, మీద సన్నని ఇనుప పొడి చల్లుతారు. అయస్కాంత బలరేఖలు ఇనుములోంచి హాయిగా వెళ్తాయి. పగులు దగ్గరికి రాగానే అడ్డంగా గాలి ఉంటుంది. గాలిలో వాటికి దారి కష్టం. అందుకని కొన్ని రేఖలు ఉపరితలం నుంచి బయటికి పొంగి మళ్లీ లోపలికి దూరతాయి. సరిగ్గా అక్కడే పొడి గుమిగూడి సన్నని గీతలా నిలబడుతుంది.

ఇక్కడొక మెలిక. పగులు బలరేఖలకు అడ్డంగా ఉంటేనే ఇలా జరుగుతుంది. వాటి వెంటే సమాంతరంగా ఉంటే రేఖలు పక్క నుంచి వెళ్లిపోతాయి, పొడి ఏమీ చెప్పదు. అందుకే అయస్కాంతాన్ని 90 డిగ్రీలు తిప్పి రెండోసారి చూడాలి. ఒక్కసారి పెట్టి ‘పగుళ్లు లేవు’ అన్నవాడి మాట సగం పరీక్ష కిందే లెక్క.

రెండుసార్లు చూసినా ఈ పద్ధతికి పైపొర మాత్రమే తెలుస్తుంది. లోపల నీళ్లు తిరిగే దారుల్లో పగులు ఉంటే? దానికి మనకు బాగా తెలిసిన సైకిల్ ట్యూబు పరీక్షే. నీటి రంధ్రాలన్నీ బిగించి లోపలికి గాలి కొట్టి, హెడ్‌ను నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తారు. మంచి షాపుల్లో ఆ నీళ్లు వేడిగా ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగుళ్లు కొన్ని వేడెక్కితేనే నోరు తెరుస్తాయి.

అల్యూమినియం హెడ్ అయితే అయస్కాంతం పనిచేయదు. రంగు ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, పైన తెల్లని పొడి చల్లుతారు. పగులులోకి పీల్చుకుపోయిన రంగు కేశనాళికా చర్య వల్ల మళ్లీ పొడిలోకి ఎగబాకుతుంది. అల్యూమినియానికి మరో దిగులు కూడా ఉంది. ఉష్ణ చికిత్సతో తెచ్చుకున్న గట్టిదనాన్ని అది అతిగా వేడెక్కితే పోగొట్టుకుంటుంది. చూడ్డానికి తళతళలాడుతున్నా లోహం మెత్తబడి ఉండవచ్చు. కాఠిన్యం కొలిచే పరికరం పెడితే తప్ప తెలియదు.

12 సీసీల తేడాతో ఏమవుతుంది?

పగులు లేదని తేలాక చాంబర్ ఘనపరిమాణం కొలవాలి. 64 అని పేరున్న హెడ్ నిజంగా 64 అయి ఉండాలని లేదు. హెడ్ వంగిపోతే మెషీన్ షాపులో కింది ముఖాన్ని గీసి చదును చేస్తారు. మన షాపుల్లో ఫేసింగ్ అనేది ఇదే. ఈ హెడ్‌లలో సుమారు 0.15 మిల్లీమీటర్లు గీస్తే చాంబర్ ఒక సీసీ తగ్గుతుంది. ఒక మిల్లీమీటరు పోయిందంటే ఆరేడు సీసీలు పోయినట్టే. ఇది వీ ఆకారపు ఇంజిన్ కాబట్టి హెడ్‌లు కిందికి దిగే కొద్దీ లోపలి వైపుకీ జరుగుతాయి. మధ్యలో కూర్చునే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ బోల్టు రంధ్రాలు కలవవు.

కొలిచే పద్ధతి ఇంటర్ ప్రాక్టికల్స్‌ను గుర్తు చేస్తుంది. వాల్వులు మూసి, స్పార్క్ ప్లగ్ బిగించి, చాంబర్ అంచుకు పలచగా గ్రీజు పూసి, చిన్న రంధ్రమున్న అక్రిలిక్ పలకతో కప్పుతారు. రంధ్రంలోంచి బ్యూరెట్‌తో రంగునీళ్లు వదులుతారు. గాలి బుడగ మిగలకుండా నిండినప్పుడు బ్యూరెట్‌లో తగ్గినదే చాంబర్ పరిమాణం. ఎనిమిది చాంబర్లూ కొలవాల్సిందే, ఎందుకంటే ఒకదానికొకటి సరిపోలకపోతే ఎనిమిది సిలిండర్లూ ఎనిమిది రకాల ఇంజిన్లు అవుతాయి.

ఈ కొలతతో ఏం చేస్తాం? 350 ఇంజిన్‌లో సిలిండర్ వ్యాసం 4 అంగుళాలు, పిస్టన్ కదిలే దూరం 3.48 అంగుళాలు. ఒక్కో సిలిండర్ పీల్చేది సుమారు 717 సీసీ. పిస్టన్ పైకి వచ్చాక చాంబర్‌తో పాటు గాస్కెట్ మందం, పిస్టన్ తల మీది గాట్లు, పిస్టన్ పైన మిగిలే సందు కలిపి మరో 18.5 సీసీ ఉంటుందనుకుందాం. 76 సీసీ చాంబర్‌తో కంప్రెషన్ నిష్పత్తి 8.6 వస్తుంది. 64 సీసీతో 9.7.

బలం అమాంతం పెరిగిపోతుందని చాలామంది ఆశపడేది ఇక్కడే. ఆదర్శ ఒట్టో చక్రం సూత్రంలో ఈ అంకెలు వేసి చూస్తే సామర్థ్యం 57.7 శాతం నుంచి 59.7 శాతానికి పెరుగుతుంది. నిజమైన ఇంజిన్ సామర్థ్యం ఇందులో సుమారు సగమే ఉంటుంది, కానీ పెరుగుదల పాళ్లు దాదాపు ఇలాగే ఉంటాయి. అంటే లాభం మూడున్నర శాతం. 250 హార్స్‌పవర్ ఇంజిన్‌కు తొమ్మిది. కాదనలేం గానీ, సంతలో చెప్పుకునేంత లేదు.

ఇంకా పైకి వెళ్దామని కొందరు 305 ఇంజిన్ నుంచి తీసిన 416 నంబరు హెడ్ పెడతారు. చాంబర్ 58 సీసీ. మన లెక్కలో నిష్పత్తి 10.4 దాకా పోతుంది. మామూలు పెట్రోలుతో ఇనుప హెడ్ కింద అది ప్రమాదకరమైన చోటు. మిశ్రమం నిప్పురవ్వతో అంటుకుని క్రమంగా కాలాల్సింది పోయి, ఇంకా మంట చేరని మూలల్లో తనంతట తానే పేలుతుంది. దాన్నే నాకింగ్ అంటాం. పిస్టన్ తలకు చిల్లు పడే దాకా పోవచ్చు. (అమెరికా బంకుల్లో 87 అని రాసి ఉండే పెట్రోలు మన 91 ఆక్టేన్ కన్నా నాసిరకం అనుకోకండి. కొలిచే పద్ధతులు వేరు, సరుకు సుమారుగా ఒకటే.) పైగా 416లో ఇన్‌టేక్ వాల్వ్ 1.84 అంగుళాలు. 1.94 అంగుళాల వాల్వ్‌తో పోలిస్తే వైశాల్యం 10 శాతం తక్కువ. కంప్రెషన్‌తో వచ్చింది శ్వాసలో పోతుంది.

అసలు బలం గాలిలో ఉంది

ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోలు కాల్చగలదు. ఆ గాలి దారి మొత్తం హెడ్‌లోనే ఉంది. అందుకే అమ్మకాల్లో ‘250 సీఎఫ్ఎం పోతుంది’ లాంటి మాటలు వినిపిస్తాయి. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగుల గాలి. ఫ్లో బెంచ్ అనే యంత్రం మీద హెడ్ పెట్టి, కింది నుంచి గాలి పీల్చి కొలుస్తారు.

ఏ పీడనం దగ్గర కొలిచారన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. ఇప్పుడు ఎక్కువగా వాడేది 28 అంగుళాల నీటి మట్టం, అంటే సుమారు 7 కిలోపాస్కల్. చిన్న బెంచీల మీద 10 అంగుళాల దగ్గరే కొలుస్తారు. బెర్నూలీ ప్రకారం ప్రవాహం పీడన వ్యత్యాసపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. 28ని 10తో భాగించి వర్గమూలం తీస్తే 1.67. ఒకే హెడ్ ఒక బెంచి మీద 150, మరో బెంచి మీద 250 చూపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

రెండో ప్రశ్న: వాల్వ్ ఎంత తెరిచినప్పుడు? వాల్వ్ కొద్దిగా తెరిస్తే గాలి వెళ్లేది దాని అంచు చుట్టూ ఏర్పడే ఉంగరం లాంటి సందులోంచి. ఆ సందు వైశాల్యం వాల్వ్ చుట్టుకొలతను లేచిన ఎత్తుతో గుణిస్తే వస్తుంది. ఎత్తు వాల్వ్ వ్యాసంలో నాలుగో వంతుకు చేరినప్పుడు అది వాల్వ్ వైశాల్యంతో సమానమవుతుంది. 1.94 అంగుళాల వాల్వ్‌కు ఆ ఎత్తు సుమారు 12.3 మిల్లీమీటర్లు. రోడ్డు కారుకు పెట్టే క్యామ్‌షాఫ్ట్ చాలామటుకు ఆ చుట్టుపక్కలే ఆగిపోతుంది, అదీ ఒక్క క్షణం. మిగతా సమయమంతా వాల్వ్ అంతకన్నా తక్కువ ఎత్తులో, పైకి వెళ్తూనో కిందికి దిగుతూనో ఉంటుంది. కాబట్టి 5, 7, 10 మిల్లీమీటర్ల దగ్గరి అంకెలు అడగండి. ఆ ఎత్తుల్లో ప్రవాహాన్ని శాసించేది వాల్వ్ సీటు కోణాలు, దాని వెంటనే వెనక ఉన్న మలుపు. బాగా గీసిన సీటు, అద్దంలా పాలిష్ చేసిన పోర్టు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. పాలిష్‌ను చూసి ధర పెంచేవాళ్లు మాత్రం ఎక్కువ.

పెద్ద పోర్టు అంటే మంచి పోర్టు అన్నది మరో భ్రమ. పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి బయల్దేరాక కూడా ఇన్‌టేక్ వాల్వ్ కాసేపు తెరిచే ఉంటుంది. అప్పటికి పోర్టులో వేగంగా వస్తున్న గాలి తన జడత్వం కొద్దీ లోపలికి తోసుకొస్తుంది. పోర్టును వెడల్పు చేసి వేగం 20 శాతం తగ్గిస్తే ఒక్కో గ్రాము గాలి గతిజ శక్తి 36 శాతం పడిపోతుంది. 6,500 ఆర్‌పీఎం దగ్గర పరుగెత్తే పందెం కారుకు ఇది పట్టదు. సిగ్నల్ దగ్గర ఆగి 2,000 దగ్గర కదలాల్సిన కారు మాత్రం నీరసంగా తయారవుతుంది.

వోర్టెక్ హెడ్‌కు అంత పేరు రావడానికి ఇదే కారణం. పోర్టు సుమారు 170 సీసీ మాత్రమే, కానీ ఆకారం బాగుంది. చాంబర్‌లో మిశ్రమం త్వరగా కాలుతుంది. ఇది పెట్టిన 5.7 లీటర్ల ట్రక్కు ఇంజిన్ 255 హార్స్‌పవర్ ఇచ్చింది. దీనికీ షరతులున్నాయి. స్ప్రింగు పైన ఉండే రిటైనర్, గైడు మీది సీల్‌ను ఢీకొట్టే అవకాశం ఉంది కనుక, మార్పులు చేయకుండా 0.46 అంగుళాలకు, అంటే 11.7 మిల్లీమీటర్లకు మించి వాల్వ్ లేపకూడదు. పాత ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ బోల్టులు దీనికి సరిపోవు, వేరే మ్యానిఫోల్డ్ కొనాలి. వేడెక్కితే ఇది కూడా పగులుతుంది. చౌకగా దొరికిన హెడ్ ఈ ఖర్చులన్నీ కలిపితే కొత్త అల్యూమినియం హెడ్ ధరను తాకిన సందర్భాలు తక్కువేమీ కాదు.

సీసం పోయాక మిగిలిన సమస్య

1960ల హెడ్‌లు సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టాయి. ఎగ్జాస్ట్ వాల్వ్, సీటు తగిలే చోట సీసపు సమ్మేళనాలు పలచని పొరలా పేరుకుని రెండు లోహాలనూ అంటుకోనిచ్చేవి కావు. ఆ పొర లేకపోతే ఎర్రగా కాలిన వాల్వ్ సీటుకు సూక్ష్మంగా అతుక్కుంటుంది, తెరుచుకునేటప్పుడు రేణువులను పీక్కుపోతుంది. సీటు అరిగి వాల్వ్ లోపలికి కుంగుతుంది. అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసం పెట్రోలు 1996 జనవరి 1 నుంచి పూర్తిగా ఆగిపోయింది, మన దేశంలో 2000లో. 1970ల తొలినాళ్ల నుంచి షెవర్లే గట్టిపరిచిన సీట్లు ఇస్తూ వచ్చింది. 461 లాంటి హెడ్‌లలో అవి లేవు. నెలకోసారి బయటికి తీసే కారుకు పెద్ద తేడా ఉండదు. రోజూ హైవే మీద నడపాలంటే గట్టి ఉక్కు రింగులు దింపించాలి. ఆ రంధ్రం తొలిచేటప్పుడు లోతు పొరబడితే నీటి దారి బయటపడుతుంది, హెడ్ అక్కడితో పోతుంది.

ఆటోనగర్‌లోనూ ఇదే

మన రోడ్ల మీద ఈ వీ8లు అరుదు. అయినా విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపులో పాత లారీ హెడ్‌ను పరీక్షిస్తుండగా చూసినప్పుడు, ఇదే పాఠం మరో భాషలో విన్నట్టనిపించింది. హెడ్‌ను బోర్లా తిప్పి, ఉక్కు స్కేలును నిలువుగా, అడ్డంగా, ఐమూలగా పెట్టి, కింద ఫిల్లర్ గేజ్ ఆకు దూరుతుందేమో చూస్తున్నారు. స్మాల్‌బ్లాక్‌కు చెప్పే హద్దు ఆరంగుళాల పొడవుకు అంగుళంలో వెయ్యింట మూడో వంతు, అంటే 0.08 మిల్లీమీటర్లు. పోర్టులో కిరోసిన్ పోసి వాల్వ్ కింద చెమ్మ వస్తుందా అని చూశారు. తర్వాత వాల్వ్‌ను ఒక సెంటీమీటరు పైకి లేపి వేళ్లతో అటూ ఇటూ కదిపారు. గైడు అరిగితే అది లొటలొట కొడుతుంది. ఆ పెద్దాయన గేజ్ పెట్టకముందే ‘గైడ్లు పోయినై’ అన్నారు. గేజ్ కూడా అదే చెప్పింది.

మన దగ్గర ఎవరైనా ఇంజిన్ బలం పెంచే ఆలోచనలో ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. పాడైన హెడ్ స్థానంలో అలాంటిదే పెట్టుకోవడం మరమ్మతు, దాని జోలికి ఈ నిషేధం రాదు.

మళ్లీ సంతకొద్దాం. అక్కడ బ్యూరెట్ ఉండదు, ఫ్లో బెంచి ఉండదు. టార్చిలైటు, ఉక్కు స్కేలు, ఫిల్లర్ గేజ్, ఒక గుడ్డపీలిక చాలు. మధ్యలో ఉన్న రెండు ఎగ్జాస్ట్ సీట్ల నడుమ తుడిచి చూడండి. తుప్పు ఎక్కువై పక్క నీటి రంధ్రాలు తినేసి ఉన్నాయా చూడండి. వాల్వులు కదిపి చూడండి. హెడ్‌లు రెండూ ఒకే నంబరువో కాదో చూడండి, ఒకటి 64, మరొకటి 76 అయిన జతలు దొరకడం వింతేమీ కాదు. అన్నీ బాగున్నాయనిపిస్తే డబ్బు ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి: ‘ప్రెషర్ టెస్ట్‌లో పోతే వెనక్కి తీసుకుంటారా?’ సరే అంటే కాగితం మీద రాయించుకోండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే పక్క టార్పాలిన్ దగ్గరికి వెళ్లండి. స్మాల్‌బ్లాక్ హెడ్‌లకు అక్కడ కొదవేమీ ఉండదు.